ఓజోన్ పొరకు చిల్లు మనం పెట్టిందేనా? మన ఎండలకూ దానికీ సంబంధం ఉందా?

నంద్యాల టీచరమ్మ
సెప్టెంబరు 16న ఓజోన్ దినం అని మా బడిలో పిల్లలకు వక్తృత్వ పోటీ పెడుతున్నాం. పిల్లల కంటే ముందు స్టాఫ్ రూమ్‌లోనే పోటీ మొదలైంది. ఒక సారేమో "అగ్నిపర్వతాలు కక్కే క్లోరిన్ ముందు మన ఫ్రిజ్‌లు ఏపాటివి, అంతా ప్రకృతి లీల" అంటారు. ఇంకొకరు కర్నూల్లో ఎండ మండిపోవడానికి ఓజోన్ చిల్లే కారణమని తేల్చేశారు. చదివినవాళ్లు, ఆ గ్యాసులతో పని చేసినవాళ్లు ఉంటే చెప్పండి.

ఆదోని ఫ్రిజ్ మెకానిక్
మేడమ్, నేను పని నేర్చుకున్నప్పుడు ఫ్రిజ్‌లన్నీ ఆర్12 గ్యాస్‌వే. రిపేరుకు వస్తే ముందు పైపు కత్తిరించేవాళ్లం, గ్యాసంతా బుస్సుమని పోయేది. దాన్ని పట్టి దాచాలని ఎవరూ చెప్పలేదు. ఘాటు లేదు, మంట అంటుకోదు, మనిషికి ఏమీ కాదు, ఇక భయమెందుకు? కండెన్సర్ మీద దుమ్ము ఊదడానికి కూడా దాన్నే వాడిన మేస్త్రీలను చూశాను. ఊరికొక షాపులో ఇట్లా జరిగిందంటే దేశం మొత్తం మీద ఎంత పోయి ఉంటుందో మీరే లెక్కేసుకోండి. కాకపోతే నాకూ ఒక డౌటు ఉంది. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, వదిలితే కిందికే దిగుతుంది. అంత ఎత్తుకు ఎట్లా పోయింది?

అనంతపురం ఫిజిక్స్
మంచి డౌటు అన్నా. ఆర్12 గాలి కంటే సుమారు 4 రెట్లు బరువు. మూసిన గదిలో ఒక్కసారిగా వదిలితే కాసేపు నేలనే పట్టుకొని ఉంటుంది. బయట గాలి అలా ఊరుకోదు, పైకీ కిందికీ కలియబెడుతూనే ఉంటుంది. ఆర్గాన్ కూడా గాలి కంటే బరువే, అయినా నేల మీదా 50 కిలోమీటర్ల పైనా దాదాపు అదే పాళ్లలో దొరుకుతుంది. ఆర్12 లాంటి, క్లోరిన్, ఫ్లోరిన్, కార్బన్ కలిసిన గ్యాసులనే సీఎఫ్‌సీలు అంటారు. అవి అలా మెల్లగా ఎక్కుతాయి, దానికి ఏళ్లు పడుతుంది.

మీరు చెప్పిన మంచి గుణమే దాని చెడ్డ గుణం. దేనితోనూ కలవదు, నీళ్లలో కరగదు, వానకు కడుక్కుపోదు. ఆర్12 వాతావరణంలో సుమారు 100 ఏళ్లు బతుకుతుంది. పైకి చేరాక గట్టి అతినీలలోహిత కిరణాలు దాన్ని విరగ్గొడితే క్లోరిన్ బయటపడుతుంది. ఆ క్లోరిన్ ఓజోన్‌ను విడగొట్టి, తాను మాత్రం అరక్కుండా ఇంకోదాని మీదికి పోతుంది. ఒక్క పరమాణువు వేల ఓజోన్ అణువులను తినేస్తుంది. రోలండ్, మొలీనా అనే శాస్త్రవేత్తలు ఈ మాట 1974లోనే చెప్పారు. వాళ్లకు, క్రూట్జెన్ అనే ఇంకో శాస్త్రవేత్తకు కలిపి 1995లో నోబెల్ ఇచ్చారు.

ప్రొద్దుటూరు సందేహం
చూడప్పా, ఏసీలు, ఫ్రిజ్‌లు ఎక్కువ ఉన్నది అమెరికా, యూరప్‌లలో. చిల్లు పడింది మనుషులే లేని అంటార్కిటికా మీద. అక్కడ ఎరెబస్ అని ఒక అగ్నిపర్వతం పొగలు కక్కుతూనే ఉంది. మరి దాని తప్పు కాదా? 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలినాక కూడా ఓజోన్ తగ్గింది కదా.

అనంతపురం ఫిజిక్స్
అగ్నిపర్వతం వదిలే క్లోరిన్ ఎక్కువగా హైడ్రోజన్ క్లోరైడ్ రూపంలో ఉంటుంది. అది నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కాబట్టి చాలావరకు వానతో, మంచుతో కిందికే వచ్చేస్తుంది. ఎరెబస్ మామూలుగా వదిలే పొగ ఓజోన్ పొర ఎత్తుకు పోయేంత బలమైనది కాదు. పైగా అది ఎప్పటి నుంచో పొగ కక్కుతోంది. బ్రిటిష్ వాళ్లు అంటార్కిటికాలోని తమ హాలీ బే కేంద్రంలో 1950ల నుంచి ఓజోన్ కొలుస్తున్నారు, పెద్ద తగ్గుదల కనబడింది మాత్రం 1970ల చివర నుంచే. అక్కడి శాస్త్రవేత్త ఫార్మన్ బృందం 1985లో దాన్ని బయటపెట్టింది.

పినటుబో తర్వాత తగ్గింది నిజమే. అది చిమ్మిన గంధకపు కణాల మీద, అప్పటికే పైన పోగుపడిన మన క్లోరిన్ మరింత చురుకైంది. ఆ క్లోరిన్ లేకపోతే అంత నష్టం ఉండదు.

అంటార్కిటికానే ఎందుకంటే చలి. అక్కడి శీతాకాలంలో పైన మైనస్ 78 డిగ్రీల కిందికి పోయి ఒక రకం మేఘాలు ఏర్పడతాయి. వాటి మీద క్లోరిన్ తయారై కూర్చుంటుంది, సెప్టెంబరులో సూర్యుడు రాగానే పని మొదలుపెడుతుంది. గ్యాస్ ఎక్కడ వదిలినా భూమంతా కలిసిపోతుంది, దెబ్బ మాత్రం చలి ఉన్నచోట పడుతుంది.

నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఫ్లోరిన్. ఓజోన్ పొర ఎత్తులో ఉపగ్రహాలు హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాయి. అక్కడ అంత ఫ్లోరైడ్‌కు ప్రకృతిలో చెప్పుకోదగ్గ మూలం లేదు, సీఎఫ్‌సీల లాంటివి విరిగితే తప్ప రాదు. దొంగ వేలిముద్ర వదిలిపోయినట్టే.

ప్రొద్దుటూరు సందేహం
ఫ్లోరిన్ సంగతి నాకు తెలియదు. సముద్రం నుంచి కూడా క్లోరిన్ వస్తుందని చదివాను.

అనంతపురం ఫిజిక్స్
వస్తుంది, మిథైల్ క్లోరైడ్ రూపంలో. ఆ సహజమైన వాటా ఎప్పుడూ ఉన్నదే, ఓజోన్ దానితో సర్దుకొని ఉంది. క్లోరిన్ బాగా పెరిగిన కాలంలో అందులో 80 శాతానికి పైగా మనుషులు తయారు చేసిన గ్యాసుల నుంచి వచ్చిందే.

కడప బండ
ఎండ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతా. మా ఇల్లు పాతకాలం బండల మిద్దె. మేలో రాత్రి పదింటికి కూడా మిద్దె మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. అది పగలు తాగిన వేడి, దానికి ఓజోన్‌తో పనిలేదు. మన దగ్గర నేల పొడి, సముద్రం దూరం, చెట్టు తక్కువ, సూర్యుడు నడినెత్తిన. మనలాంటి ఉష్ణమండలం మీద చిల్లేమీ పడలేదు. అతినీలలోహితాన్ని ఆపే ఓజోన్ ఇక్కడ సహజంగానే పలచన, అందుకే ఆ కిరణాలు ఎప్పుడూ ఎక్కువే. పిల్లల ఉపన్యాసంలో "ఓజోన్ చిల్లు వల్ల కర్నూలు మండుతోంది" అని మాత్రం రాయించకండి టీచరమ్మా. ప్రతి ఏడూ ఆ వాక్యం వినీ వినీ విసుగొచ్చింది.

ఉబ్బసం ఉన్నోడు
చిన్నప్పుడు నేను పీల్చిన ఇన్‌హేలర్‌లో కూడా ఆ గ్యాసే. 2010 జనవరి నుంచి మన దేశంలో సీఎఫ్‌సీలు ఆపేసినా ఇన్‌హేలర్లకు కొంత గడువిచ్చారు. ఇప్పుడు డబ్బా మీదే సీఎఫ్‌సీ లేదని రాసి ఉంటుంది.

కేసీ కెనాల్ రైతు
మా వంతు కూడా ఉందండోయ్. వరికీ మొక్కజొన్నకూ యూరియా బస్తాలు గుమ్మరిస్తాం. పైరు తీసుకోగా మిగిలిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాల్లోకి పోతుంది. అది కూడా ఓజోన్‌ను తింటుందని, సీఎఫ్‌సీలు తగ్గిన ఈ కాలంలో ఇప్పుడు వదిలేవాటిలో దానిదే పెద్ద చెయ్యి అని రైతు శిక్షణలో విన్నాను. ఓజోన్‌ను తినే గ్యాసులను ఆపడానికి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందంలో దాన్ని చేర్చలేదు.

నంద్యాల టీచరమ్మ
అందరికీ థ్యాంక్స్. మా సారుకు ఫ్లోరిన్ మాట చెబుతా. అన్నా, మా ఇంట్లో పాత ఏసీ ఉంది, స్టిక్కర్ మీద ఆర్22 అని ఉంది. ఇల్లు మారుతున్నాం. అది కూడా ఓజోన్‌కు చెరుపేనా?

ఆదోని ఫ్రిజ్ మెకానిక్
చెరుపే, కానీ ఆర్12తో పోలిస్తే ఇరవయ్యో వంతు ఉంటుందేమో. 2030కి అది కూడా దాదాపు ఆగిపోతుంది. కొత్త ఏసీల్లో వచ్చే ఆర్32 ఓజోన్ జోలికి పోదు, భూమిని వేడెక్కించడం మాత్రం దానికీ ఉంది.

ఏసీ విప్పేవాడు గ్యాస్ బయటికి వదలకుండా చూడండి. ఏసీ కూలింగ్‌లో నడుస్తుండగానే అవుట్‌డోర్ దగ్గర సన్న పైపు వాల్వు అలన్‌కీతో మూయాలి. గేజ్ దాదాపు సున్నాకు పడగానే లావు పైపు వాల్వు కూడా మూసి, వెంటనే ఆపేయాలి. గ్యాసంతా అవుట్‌డోర్‌లోనే ఉండిపోతుంది, కొత్త ఇంట్లో అదే పనికొస్తుంది, మీకు గ్యాస్ డబ్బులూ మిగులుతాయి.

నంద్యాల టీచరమ్మ
కంప్రెసర్ ఆడకపోతే?

ఆదోని ఫ్రిజ్ మెకానిక్
అప్పుడు ఇది కుదరదు మేడమ్. రికవరీ మిషన్, ఖాళీ సిలిండర్ తెచ్చేవాణ్ణి పిలవాలి. మా వైపు అవి పెట్టుకున్నవాళ్లు తక్కువ, ముందే ఫోన్ చేసి అడిగి రమ్మనండి.