అప్‌డేట్: కొబ్బరితోట గోడకు ఇటుక, ఇసుక, సిమెంటు లెక్క తేలింది

అంబాజీపేట దగ్గరి మా కొబ్బరితోటకు కాలువ వైపున 60 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందంతో గోడ కట్టడానికి ఎంత సామాను పడుతుందని లోగడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఘనపుటడుగుల్లో లెక్కించమన్న సలహాయే అన్నిటికన్నా అక్కరకు వచ్చింది.

గోడ మొత్తం 225 ఘనపుటడుగులు. మాలుతో (సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపిన ముద్దతో) కలిపి ఒక్కో ఇటుక 9, 4.5, 3 అంగుళాల చోటు తీసుకుంటుందనుకుంటే ఘనపుటడుగుకు 14 పైచిలుకు చొప్పున 3,200 ఇటుకలు కావాలి. దింపేటప్పుడు విరిగేవాటికి నూటికి అయిదు కలిపి 3,360 చెప్పాము. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపే మాలుకు సుమారు 11 బస్తాల సిమెంటు, 80 ఘనపుటడుగుల ఇసుక తేలాయి.

ఇదంతా నేలపైన గోడకే. మా వైపు నల్లమట్టి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కనుక పునాదిని విడిగా లెక్కకట్టాలని మేస్త్రిగారు పట్టుబట్టారు, నాకూ అది సబబే అనిపించింది. కందకం అడుగున ఇసుక పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆపైన కాంక్రీటు వేస్తాము. కాలువలకు నీళ్లు కట్టేసే వేసవిలో ఊట తగ్గుతుంది కాబట్టి తవ్వకం అప్పుడే పెట్టుకున్నాము.

లోడు దిగగానే రెండేసి ఇటుకలను తాటించి, ఖంగుమన్నవాటినే ఉంచుకుంటాము. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది. అందుకే తొట్టిలో బుడగలు ఆగేదాకా నానబెట్టాకే వాడతాము. సిమెంటు మాత్రం ఒకేసారి తెప్పించడం లేదు, కాలువగట్టు తేమకు బస్తాలు గడ్డకడతాయి.