చీమకుర్తి క్వారీల్లో పైనుంచి కిందిదాకా వైర్ సా పెట్టొచ్చా?

చీమకుర్తి కుర్రోడు: మా క్వారీలో జాక్‌హామర్లు, బ్లాస్టింగ్ మానేసి మొత్తం డైమండ్ వైర్ సాతోనే (వజ్రపు పూసలు గుచ్చిన తీగతో రాయి కోసే మెషిన్) కోయిద్దామని యజమాని పట్టుబట్టారు. మేస్త్రీ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

గెలాక్సీ98: ఇందులో అడగడానికేముంది? బ్లాస్టింగ్ చేస్తే లోపల పడే సన్న చీలికలు అప్పుడు కనపడవు, పాలిష్ పెట్టాక బయటపడతాయి. మన గెలాక్సీ గ్రానైట్ రాయికి రేటొచ్చేదే ఆ నలుపులో మెరిసే బంగారు చుక్కలకి. అడ్డంగా ఒక్క గీత పడిందా, బయ్యర్ మళ్లీ ఆ బ్లాక్ (కోసి తీసిన రాతి దిమ్మ) వంక చూడడు.

పాత మేస్త్రీ: అది కింది గట్టి రాయికి, బాబూ. మట్టి తీయగానే వచ్చే రాయి మెత్తబడి, పగుళ్లతో ఉంటుంది. నిలువు బెజ్జం, అడ్డం బెజ్జం కలిపి వైర్ ఎక్కించి కోస్తుంటే మధ్యలో పగులు తగిలిందనుకో, పోసిన నీళ్లన్నీ అందులోకే పోతాయి. వైర్ కాలిపోతుంది. పైముక్క కాస్త జరిగినా వైర్ ఇరుక్కుంటుంది. మా దగ్గర ఒకసారి అలాగే తెగి, పూసలు తూటాల్లా వచ్చి కంప్రెసర్ రేకుకి బొక్కలు పెట్టాయి. పూస చూస్తే 11 మిల్లీమీటర్లే! ఆపరేటర్ టీకి వెళ్లాడు కాబట్టి బతికాడు.

గెలాక్సీ98: అది వైర్ తప్పు కాదు మేస్త్రీ గారూ, గార్డు (వైర్ తెగినా పూసలు మనిషికి తగలకుండా పెట్టే అడ్డు) పెట్టకపోవడం తప్పు.

పాత మేస్త్రీ: గార్డు మనిషిని కాపాడుతుంది, సరే. పగిలిన రాయిని బ్లాక్ చేయదుగా? పైదంతా ఎక్స్‌కవేటర్‌తో తోడి పారేసేదే.

సైదాపురం: మా వైపు అభ్రకం గనుల్లో అయితే ఈ గొడవే లేదు. అభ్రకం ఒకచోట గుత్తిగా, పది అడుగులు పోతే ఏమీ లేకుండా ఉంటుంది. లోపల పెద్ద మెషిన్ దేన్ని పట్టుకుని పోతుంది? సింగరేణి అడ్రియాల బొగ్గు గనిలో లాంగ్‌వాల్ (బొగ్గు పొరని పొడవాటి గోడలా మెషిన్‌తో కోసుకుంటూ పోయే పద్ధతి) నడిచిందంటే బొగ్గు పొర దూరం వరకూ తెగకుండా సాగబట్టి. అక్కడా పైకప్పుతోనే టెన్షన్. మెషిన్ ముందుకు జరిగాక వెనక అది కూలాలి. కూలకుండా వేలాడితే ఆ బరువంతా సపోర్టుల మీదే.

చీమకుర్తి కుర్రోడు: మరి పగులు ముందే తెలిసేదెలా?

పాత మేస్త్రీ: బెంచీ (క్వారీలో మెట్టులా కోసిన రాతి వరస) శుభ్రంగా కడిగి ఆరనివ్వు. రాయంతా ఆరినా పగులున్నచోట తడి గీతలా నిలబడుతుంది. సుద్దతో గుర్తు పెట్టుకుని, కోత దాన్ని దాటకుండా చూసుకో.

చీమకుర్తి కుర్రోడు: రేపు పొద్దున్నే కడిగిస్తా. యజమాని మాత్రం రెండో మెషిన్‌కి అడ్వాన్స్ ఇచ్చేశారట.