స్టేజీ మీద దుమ్ము రేపిన సంగీత నాటకాల్లో కొన్ని వెంటనే సినిమా అవుతాయి, కొన్ని ఏళ్లకేళ్లు నానతాయి. ఎందుకు?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
వికెడ్ అనే సంగీత నాటకం బ్రాడ్‌వేకి (న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే చోటు) వచ్చింది 2003లో, సినిమా వచ్చింది 2024లో. ఇరవై ఒక్క ఏళ్లు! ది ప్రొడ్యూసర్స్ అయితే 2001లో స్టేజీ ఎక్కి 2005కే సినిమా అయింది, హెయిర్‌స్ప్రే 2002 నుంచి 2007. మా రూమ్మేటు ఏమంటాడంటే మంచి నాటకమైతే ఎగబడి తీస్తారు, నానిందంటే అందులో ఏదో లోపం ఉన్నట్టే అని. ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా 1986లో లండన్‌లో మొదలై 2004 దాకా తెరకెక్కలేదు, మరి దాంట్లో ఏం లోపం? నా లెక్క వేరే. హాలు నిండుతున్నంత కాలం సినిమాకి ఎవరూ తొందరపడరు. పాలిచ్చే గేదెను ఎవరమ్ముకుంటారు?

ఒంగోలు గిత్త:
గేదె మాట బాగుంది గానీ లెక్క కుదరదబ్బా. నువ్వు చెప్పిన ప్రొడ్యూసర్స్, హెయిర్‌స్ప్రే రెండూ సినిమా వచ్చేనాటికి బ్రాడ్‌వేలో ఇంకా ఆడుతూనే ఉన్నాయి, ఒకటి 2007 దాకా, ఇంకోటి 2009 దాకా. మమ్మా మియా సినిమా 2008లో వస్తే నాటకం అక్కడ 2015 దాకా నడిచింది. అసలు సంగతి ఏందంటే, ఆ రెండూ పాత సినిమాల నుంచి (1967, 1988) స్టేజీకి పోయినవే. తెర మీద ఎట్టా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి నిర్మాతకి టెన్షన్ తక్కువ. తెలియనివే నానతాయి. చికాగో 1975 నాటిది, నటులు నేరుగా జనం వైపు తిరిగి పాడే పాటలు, వాటిని కెమెరా ముందు ఏం చేయాలో తేలలా. చివరికి దాదాపు పాటలన్నీ హీరోయిన్ బుర్రలో జరుగుతున్నట్టు చూపించి 2002లో తీశారు, ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. క్యాట్స్‌కి అట్టాంటి దారి దొరక్కుండానే 2019లో తీసి పడేశారు, సినిమా ఘోరంగా తన్నేసింది గదా.

కందుకూరు మాష్టారు:
అమెరికా దాకా ఎందుకు నాయనా? మన తొలి టాకీ భక్త ప్రహ్లాద, 1932. సురభి వాళ్లు ఆడిన నాటకమే. 1933లో చింతామణి, 1935లో హరిశ్చంద్ర, శ్రీకృష్ణ తులాభారం. ఎందుకంత తొందర? అప్పుడు ప్లేబ్యాక్ లేదు, మైకు ముందు నటిస్తూనే పాడాలి. పాడగల నటుడు, నోటికొచ్చిన పద్యం, జనానికి తెలిసిన కథ, మూడూ నాటక సమాజాల దగ్గర రెడీగా ఉన్నాయి. హరిశ్చంద్రలో వేసిన అద్దంకి శ్రీరామమూర్తి, కన్నాంబ స్టేజీ నుంచి పోయినవాళ్లే. తీసిన పి.పుల్లయ్య మన నెల్లూరాయనే. ఆయనే కన్యాశుల్కం తీసింది మాత్రం 1955లో, ఆ నాటకం మొదట ఆడింది 1892లో!

కావలి కుర్రోడు:
మాష్టారూ, కన్యాశుల్కం సంగీత నాటకం కాదండీ, దాన్ని ఈ లెక్కలోకి లాగొద్దు. మీరందరూ హక్కుల సంగతి వదిలేశారు. ద్రౌపది కథకి ఎవరికి డబ్బులు కట్టాలి? అందుకే 1936లో ద్రౌపదీ వస్త్రాపహరణం, ద్రౌపదీ మానసంరక్షణం అని రెండు సినిమాలు పోటాపోటీగా వచ్చాయి. బ్రాడ్‌వేలో అట్ట కుదరదు. గ్రీజ్ బ్రాడ్‌వేకి వచ్చింది 1972లో, 1978 కంటే ముందు సినిమా రిలీజ్ చేయకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. వికెడ్ ఇంకా తమాషా. సినిమా తీద్దామని దాని మూల నవల హక్కులు పెట్టుకున్న హాలీవుడ్ స్టూడియో యూనివర్సలే మనసు మార్చుకుని నాటకంలో డబ్బు పెట్టింది. ఇటు నాటకం రాబడీ వాళ్లకే, అటు సినిమా హక్కూ వాళ్లదే. ఇంక తొందరపెట్టేది ఎవరు?

పెన్నా ఒడ్డు:
తిరిగి తిరిగి నా గేదె దగ్గరికే వచ్చావన్నా :)

హార్మోనియం గారమ్మాయి (సింగరాయకొండ):
అందరూ డబ్బులూ కాగితాలే మాట్లాడుతున్నారు. మా నాన్న తిరునాళ్లలో హార్మోనియం వాయించేవారు. కాటిసీనులో పద్యం అయిపోగానే జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక పడేది. లోహితుడి వేషం వేసిన పిల్లోడు దోమలు కుడుతున్నా కదలకుండా పడుకోనుండేవాడు, హరిశ్చంద్రుడు మళ్లీ మొదటి నుంచి రాగం ఎత్తుకునేవాడు, నాన్న వేళ్లు ఆయన వెంట పోయేవి. పద్యం మధ్యలోనే ఎవరో ఒకరు స్టేజీ ఎక్కి వంద నోటు పిన్నుతో చొక్కాకి గుచ్చి దిగేవాళ్లు. ఈ తంతు సినిమాలో ఎక్కడ పెడతారు? సాగదీస్తేనే రుచి ఉండేవి తెర మీదికి కష్టంగా పోతాయి, మూడు నిమిషాల్లో ముగిసేవి సులువుగా పోతాయి. స్థానం నరసింహారావు గారు స్టేజీ కోసం రాసుకున్న ‘మీరజాలగలడా’ పాట 1966 నాటి శ్రీకృష్ణ తులాభారం సినిమాలో సుశీల గొంతులో ఎంత హాయిగా కుదిరిందో వినండి.

ఒంగోలు గిత్త:
అక్కా, సగం ఒప్పుకుంటా. లే మిజరబుల్స్ దాదాపు మొత్తం పాటే, లండన్‌లో 1985లో మొదలై 2012కి గానీ తెరకెక్కలా. అప్పుడు కూడా ముందే రికార్డు చేసిన పాటకి పెదాలు కదిపించకుండా, నటుల చెవిలో పియానో వినిపిస్తూ సెట్లోనే పాడించారు. అంటే మాష్టారు చెప్పిన 1932 పద్ధతే. రాగం ఎక్కడ ఆపాలో, ఎక్కడ లాగాలో నటుడి చేతికే ఇచ్చేశారు. మన పద్య నాటకాన్ని అట్టా తీసే ధైర్యం ఇప్పుడు ఏ నిర్మాతకుందో పేరు చెప్పండి, హక్కుల సంగతి తర్వాత చూద్దాం.