ఆదివారం పదకొండింటికి ఇంటినిండా జనం: ఉప్మా పెసరట్టా, కిచిడీ ఖీమానా?

ఖట్టా ప్రియుడు, మలక్‌పేట

టిఫిన్ల మీద ఎప్పుడు చర్చ మొదలైనా తిరిగి తిరిగి ఇడ్లీ గొప్పా దోసె గొప్పా అన్న చోటే ఆగుతుంది, అందుకని ఈసారి ఆ రెండింటినీ పక్కన పెట్టండి. నేను అడిగేది మామూలు రోజుల సంగతి కూడా కాదు. ఆదివారం. అందరూ తొమ్మిదింటిదాకా పడుకుంటారు, టీలు అయ్యేసరికి పది, ఊరి నుంచి చుట్టాలు దిగి ఉంటారు, టిఫినూ భోజనమూ కలిపి ఒకే పూటలో కానిచ్చేయాలి. పెద్ద హోటళ్లు దీనికే బ్రంచ్ అని పేరు పెట్టి బఫే ధర వేస్తున్నాయి గానీ, ఆ వేళకి తినడానికి మన హైదరాబాద్ దగ్గర ఎప్పటి నుంచో ఒక జవాబు ఉంది: కిచిడీ, ఖీమా, ఖట్టా (నువ్వులూ చింతపండూ కలిపిన పల్చటి పులుపు), పక్కన అప్పడం.

మా ఆవిడ వాళ్లది తణుకు. వాళ్లు ఆదివారం అంటే ఉప్మా పెసరట్టు తప్ప ఇంకోటి ఒప్పుకోరు. రుచి గొడవ తర్వాత చూద్దాం, ముందు దీనికి సమాధానం చెప్పండి. పెసరట్టు పెనం దిగిన రెండు నిమిషాల్లో నోట్లో పడాలి, లేకపోతే ఆవిరికి మెత్తబడిపోతుంది. ఎనిమిది మంది ఉన్న ఇంట్లో తలా రెండు అట్లంటే పోసే మనిషి దాదాపు గంటన్నర పొయ్యి దగ్గరే. ఆ మనిషి ఎవరో మీ అందరికీ తెలుసు. ఆమె కూర్చునేసరికి మిగతావాళ్లు చేతులు కడుక్కుని టీవీ ముందు ఉంటారు, అల్లం పచ్చడి గిన్నెలో గరిటె గీసిన గీతలు మిగులుతాయి. కిచిడీ అయితే దేగిసా తెచ్చి మధ్యలో పెట్టి అందరూ ఒకేసారి కూర్చుంటారు. నా ఓటు అందుకే.

గోదారి అల్లం, నిజాంపేట

అన్నా, పోసేవాళ్లు చివర తింటారన్నది నిజమే, అందులో వాదించడానికేం లేదు. కానీ కిచిడీ తనంతట తానే ఉడికి వచ్చి మధ్యలో కూర్చున్నట్టు రాశారే! ఖీమా కడిగి నీళ్లు వాడ్చాలి, ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించాలి, చింతపండు పిసకాలి, నువ్వులు వేయించి నూరాలి, అప్పడాలు వేయించాలి. ఇది పొద్దున్న ఏడింటి నుంచి పని. మీరు తొమ్మిదింటికి లేస్తారు కాబట్టి మీకు కనబడలేదు. పెసరట్టుకి ముందు రాత్రి పెసలు నానేస్తే పొద్దున్న మిక్సీ వేసుకోవడమే, మినప్పిండిలా పులియాలని ఎదురుచూడక్కర్లేదు, పులిస్తే పాడైనట్టే అసలు. గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, అంతే. కాకపోతే గంటన్నర కళ్లముందు నిలబడి చేసే పని కాబట్టి అందరికీ జాలేస్తుంది, తెల్లారగట్ల ఒంటరిగా చేసిన పని లెక్కలోకి రాదు.

రుచి సంగతికొస్తే, పొట్టు పెసలు కాస్త బరకగా రుబ్బి, పెనం మీద నీళ్లు చిలకరించి సగం కోసిన ఉల్లిపాయతో రుద్ది, పిండి పల్చగా తిప్పి, పైన సన్నగా తరిగిన ఉల్లి, అల్లం ముక్క, జీలకర్ర చల్లి గరిటె వెనకతో మెల్లగా అదిమితే ఆ ఉల్లిపాయ పిండిలోకి దిగి అట్టుతో పాటే కాలుతుంది. హోటల్లో ఇది చెయ్యరు. ఉల్లిపాయలు పైన పచ్చిగా చల్లి మడత పెట్టి ఇస్తారు, సగం ప్లేట్లోనే రాలిపోతాయి. మీరు బహుశా అదే తిని పెసరట్టు మీద తీర్పు ఇస్తున్నారు.

బండి బ్యాచ్, అమీర్‌పేట

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. చార్మినార్ దగ్గర గోవింద్ బండికి వెళ్లండి, పెనం మీదే దోసె పైన ఉప్మా, వెన్న, కారం, కొత్తిమీర అన్నీ వేసి మెదిపి ఇస్తాడు. వండేవాళ్లూ లేరు, చివర తినేవాళ్లూ లేరు.

ఖట్టా ప్రియుడు

ఎనిమిది మందిని, అందులో మోకాళ్ల నొప్పుల అత్తగారిని, ఆదివారం పూట గుల్జార్ హౌజ్ వైపు తీసుకెళ్లి బండి దగ్గర నిలబెట్టి చూడు, తర్వాత వచ్చి మాట్లాడు. ఒక్కడివే వెళ్తే మాత్రం బాగుంటుంది, ఒప్పుకుంటా.

శాలిబండ వాసి

కిచిడీ పేరెత్తారు కాబట్టి రెండు ముక్కలు. కిచిడీ అనగానే మన తెలుగువాళ్లలో చాలామందికి జ్వరం వచ్చినప్పుడు పెట్టే జావలాంటి పెసరపప్పు అన్నం గుర్తొస్తుంది. పాతబస్తీ కిచిడీ అది కాదు. ఎర్రపప్పు, అంటే మసూర్, రెండు వంతుల బియ్యానికి ఒక వంతు. షాజీరా, లవంగం, పసుపు, పుదీనా వేసి పలుకు పలుకుగా దించాలి. గరిటెకి ముద్దగా అంటుకుంటే మా ఇళ్లలో దాన్ని కిచిడీ అనరు. ఖీమా పొడిగా ఉండాలి, పులుసు పెట్టకూడదు, ఎందుకంటే తడి మొత్తం ఖట్టా నుంచే వస్తుంది. ఖట్టాని పొయ్యి మీద మరిగించొద్దు. నువ్వుల ముద్ద చింతపండు నీళ్లలో కలిపి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి వదిలెయ్యండి. వేడి కిచిడీ మీద చల్లటి పులుపు పడితేనే దాని మజా. మరిగిస్తే అది పులుసు అయిపోతుంది.

అయినా భాయ్, మీరిద్దరూ కొట్టుకుంటున్నారు గానీ చలికాలంలో అయితే నా ఓటు రెండింటికీ కాదు, నహారీకి. రాత్రంతా సన్నటి మంట మీద ఎముకలు, పాయా (కాళ్లు), మసాలా మూటతో కలిసి ఉడికి, పొద్దున్న పైన నూనె తేరిన ఆ షేర్వాలో (పల్చటి రసంలో) నిమ్మకాయ పిండి, చార్‌కోనీ నాన్ ముంచుకుని తినడం. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851 నాటిది. పలకలా నాలుగు మూలలున్న నాన్ తందూరు గోడ నుంచి ఊడదీసి వేడిగా చేతిలో పెడితే ఇంటికి చేరేలోపు ఒక మూల కచ్చితంగా తగ్గి ఉంటుంది.

కర్నూలు బొరుగులు, కూకట్‌పల్లి

ఆంధ్ర ఒక వైపు, పాతబస్తీ ఒక వైపు, మధ్యలో సీమ వాళ్లం కనబడట్లేదా? ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు నీళ్లలో వేసి తీసి పిండటం, ఉల్లి, పసుపు, పచ్చిమిర్చి తాలింపులో కలపడం, పైన పుట్నాల పొడి. పదిహేను నిమిషాల్లో పది మందికి. ఖట్టా ప్రియుడు గారి ప్రశ్నకి నిజమైన జవాబు ఇదే, గంటన్నరా లేదు, ఏడింటికి లేవడమూ లేదు.

గోదారి అల్లం

బజ్జీలు ఎవరు వేస్తారు సార్? అవీ వేడిగానే తినాలిగా.

కర్నూలు బొరుగులు, కూకట్‌పల్లి

బజ్జీలు కింద బండి మీద తెస్తాం 😄

వరంగల్ పిల్ల, ఉప్పల్

అందరూ పోసేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి సర్వపిండి కూడా లెక్కలో వేసుకోండి. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లి వేసి ముద్ద కలిపి, గుండ్రటి గిన్నె లోపల గోడలకి చేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసి మూత పెట్టి సన్న మంట మీద వదిలేస్తాం. అడుగు ఎర్రగా కరకర, మూత వైపు మెత్తగా. గిన్నె చల్లారితే గానీ రెండోది ఒత్తలేం, అందుకే మా అమ్మ రెండు గిన్నెలు పక్కపక్కన పెడుతుంది. చల్లారినా రుచి పోదు, పొద్దున్న చేసింది సాయంత్రం చాయ్‌కి కూడా పనికొస్తుంది. కాకపోతే చుట్టాలకి ఇదొక్కటే పెడితే "టిఫిన్ ఏది" అని అడుగుతారు, అది మాత్రం నిజం.

డైట్ మొదలెట్టా, గచ్చిబౌలి

ఎవరూ ఆరోగ్యం గురించి మాట్లాడరేంటి? వంద గ్రాముల పెసల్లో దాదాపు 24 గ్రాముల ప్రోటీన్, బియ్యంలో సుమారు 7. పెసరట్టు గెలిచింది, చర్చ అయిపోయింది.

ఖట్టా ప్రియుడు

ఆ లెక్క ఎండు పెసలది. ఒక అట్టుకి పట్టే పెసలు ఎన్ని? దాని లోపల బొంబాయి రవ్వ ఉప్మా పెట్టి, పైన నెయ్యి పోసి, ప్రోటీన్ అంటే ఎలా బాబూ. పైగా కిచిడీలో పప్పుంది, పక్కన ఖీమా ఉంది. ప్రోటీన్ కోసమే అయితే నేనే ముందున్నా.

ఇంకోటి, పెసరట్టుని ఆంధ్ర నుంచి దిగుమతి అయిన సరుకు అని తీసిపారేయడం లేదు. ఉప్మా పెట్టిన పెసరట్టుకి ఎమ్మెల్యే పెసరట్టు అన్న పేరు మన హైదరాబాద్ ఎమ్మెల్యే క్వార్టర్స్‌లోనే పుట్టిందని అంటారు. కాబట్టి ఊరి గొడవ తేవొద్దు. నా అభ్యంతరం ఒక్కటే, కూర్చుని తినే పూటలో ఒక మనిషి నిలబడే ఉండటం. గోదారి అల్లం గారు చెప్పిన ఏడింటి పని సంగతి సబబే, మా ఇంట్లో ఖీమా, ఉల్లిపాయలు నా వాటా, అది రాయలేదు. అయినా ముందు చేసే పనిని పంచుకోవచ్చు, అట్లు పోసే పనిని ఎలా పంచుకుంటాం?

గోదారి అల్లం

పంచుకోవడం ఎందుకు కుదరదు! రెండో పెనం పెట్టండి. ఒకటి ఆవిడ, ఒకటి మీరు. గంటన్నర కాస్తా ముప్పావు గంట అవుతుంది.

ఖట్టా ప్రియుడు

రెండో పెనం ఉంది. రెండో పొయ్యి మీద ఉప్మా ఉంది.

గోదారి అల్లం

ఉప్మా ముందే చేసేసి మూత పెట్టండి, ఒకటికి రెండున్నర కాకుండా మూడున్నర నీళ్లు పోస్తే పెసరట్టులోకి కావాల్సినట్టు జారుగా ఉంటుంది, గంటైనా గట్టిపడదు. జీడిపప్పు చివర్లో వేయండి, లేకపోతే నానిపోతుంది. మొదటి అట్టు అంటుకుంటే కంగారుపడి పిండిలో నీళ్లు కలపొద్దు, పెనం ఇంకా కాగలేదని అర్థం. శాలిబండ అన్నా, ఆ ఖట్టాలో నువ్వులతో పాటు పల్లీలు కూడా వేస్తారని విన్నా, మీ ఇంట్లో వేస్తారా?

శాలిబండ వాసి

కొందరు వేస్తారు, మేం వెయ్యం. చిక్కగా అయిపోతుంది. గ్లాసులో పోసుకుని తాగేంత పల్చగా ఉండాలి.