కంచెలు లేని లాక్స్‌టన్ పొలాలు ఇన్నాళ్లు ఎలా నిలిచాయి?

నల్గొండ_పిల్లోడు
అందరికీ నమస్తే. నేను నాటింగ్‌హామ్‌లో ఉంటాను. పోయిన ఆదివారం ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న లాక్స్‌టన్ అనే పల్లెకు వెళ్లొచ్చాను. ఇంగ్లండ్‌లో ఏ పల్లెకు పోయినా చేనుకూ చేనుకూ మధ్య ముళ్లపొదల కంచె కనిపిస్తుంది కదా, ఇక్కడ మాత్రం కనుచూపు మేర ఒకటే పొలం, కానీ అది చాలామంది రైతులదట, ఎవరి పట్టీ వాళ్లే సాగు చేసుకుంటారట. హద్దు గొడవలు రావా? మా నాన్న అరగజం గట్టు కోసం పదేళ్లు తిరిగాడు, అందుకే అడుగుతున్నా.

పాతదారి
తమ్ముడూ, మంచి ఊరు చూశావు. మధ్యయుగాల్లో ఇంగ్లండ్ నడిబొడ్డున చాలా పల్లెలు ఇలాగే ఉండేవి. లాక్స్‌టన్‌లో సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు. ఒకదాంట్లో చలికి ముందు గోధుమ చల్లుతారు, రెండోదాంట్లో వసంతకాలపు పంట, మూడోది పడావు. ఏటా వంతు మారుతుంది. ప్రతి రైతుకూ మూడింట్లోనూ పట్టీలు ఉంటాయి కాబట్టి మంచి నేలా చవుడు నేలా ఒక్కరికే పడిపోదు.

ఇక హద్దుల సంగతి. నవంబరు చివర్లో రైతుల్లోంచే ఏర్పడిన జ్యూరీ కొత్తగా గోధుమ వేసిన పొలమంతా నడిచి చూస్తుంది. ఎవరైనా పక్క పట్టీలోకి గానీ, దారిలోకి గానీ, సైక్ అని పిలిచే ఉమ్మడి గడ్డినేలలోకి గానీ దున్నితే అక్కడే కొయ్య మేకు దిగ్గొడతారు. వారం తర్వాత ఊరి పబ్ డవ్‌కోట్ ఇన్‌లో కోర్ట్ లీట్, అంటే పాతకాలం నుంచి వస్తున్న ఊరి కోర్టు, కూర్చుని జరిమానా వేస్తుంది. డబ్బు కొంచెమే, కానీ పది మంది ముందు పేరు చదువుతారు చూడు, అది గట్టిగా తగులుతుంది. మీ నాన్నగారి గొడవ కూడా ఇలా అదే ఏడాది, చేను మీదే తేలి ఉంటే ఎంత బాగుండేదో.

కొలతల_రావు
ఒక మాట కలుపుతాను. ఎద్దుల కాడి ఒక్క రోజులో దున్నగలిగేంత నేల అన్న లెక్క నుంచే ఎకరం పుట్టింది. పొడవు 220 గజాలు, వెడల్పు 22 గజాలు, రెండూ గుణిస్తే 4840. మన రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉండేది ఆ 4840 గజాలే. ఆ 22 గజాలే క్రికెట్ పిచ్ పొడవు కూడా. నాకైతే లాక్స్‌టన్ అంటే పరాయి ఊరనిపించదు. తప్పిపోయిన పశువుల్ని కట్టేసే పిన్‌ఫోల్డ్ కూడా ఉంది అక్కడ, అచ్చం మన బందెలదొడ్డి.

సుజాత_లెస్టర్
బాగా చెప్పారు, కానీ ఏమీ మారని ఊరు అనుకోకండి. కొంత భూమికి అక్కడ కూడా కంచెలు పడ్డాయి, 1900ల మొదట్లో చిన్న పట్టీలు కలిపేశారు కూడా. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటం ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది, అందులో పట్టీలు ఇప్పటికన్నా చాలా సన్నగా, చాలా ఎక్కువగా ఉంటాయి.

మిగతా ఊళ్లలో ఈ కంచెలు లేని పొలాలు ఎందుకు పోయాయో కూడా గుర్తుంచుకోవాలి. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి దాదాపు 68 లక్షల ఎకరాలకు కంచె వేయించింది. ఉమ్మడి బీడులో ఒక ఆవును మేపుకుని బతికినవాళ్లకు ఆ మేతే పోయింది, చాలామంది కూలీలుగా మిగిలారు. దిగుబడి పెరిగిందని చెబుతారు, నిజమే కావచ్చు, కానీ ఆ ఆవు పోయిన ఇంటి బాధ నాకు చిన్నదిగా కనిపించదు.

లాక్స్‌టన్ మిగలడానికి ఒక కారణం, అక్కడి ఇద్దరు పెద్ద భూస్వాములకు పూర్తిగా కంచె వేసే విషయంలో పొత్తు కుదరకపోవడం. తర్వాత 1952లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఎస్టేట్ కొని కాపాడింది, 1981లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కు వెళ్లింది, 2020లో పాత యజమానుల వైపైన థోర్స్‌బీ ఎస్టేట్‌కే తిరిగి చేరింది. సాగు చేసేది మాత్రం అప్పుడూ ఇప్పుడూ కౌలుదారులే.

నల్గొండ_పిల్లోడు
అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. కొయ్య మేకుల సంగతి నాన్నకు ఫోన్‌లో చెప్పాను, ఆ జ్యూరీలో ఎవరుంటారు, బయటివాళ్లా అని రెండుసార్లు అడిగాడు. ఊళ్లో రైతులేనని చెప్పా. నవంబరులో మళ్లీ వెళ్తాను, ఈసారి నార్మన్ల కాలం నాటి కోట దిబ్బ కూడా ఎక్కుతాను.