చెక్-ఇన్ మెషిన్ పెట్టి రాజీనామా రాసిమ్మంటున్నారు, రాయాలా వద్దా?

నైట్‌షిఫ్ట్_రిసెప్షన్:
తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో చేస్తున్నా, చేరి ఆరేళ్ళు దాటింది. ఈమధ్య ఓనర్ గారబ్బాయి లాబీలో చెక్-ఇన్ మెషిన్ పెట్టించాడు. గెస్ట్ ఆన్‌లైన్‌లో రూమ్ బుక్ చేస్తే వాట్సాప్‌కి లింక్ పోతుంది, ఆధార్ అందులోనే ఎక్కిస్తారు, ఇక్కడికొచ్చి క్యూఆర్ చూపిస్తే కీ కార్డు వచ్చేస్తుంది. చెక్-అవుట్ ఎన్నింటికి, ఎక్స్‌ట్రా బెడ్ ఎంత, కొండకి బస్సు ఎక్కడ దొరుకుతుంది, వీటికి కూడా ఇప్పుడు వాట్సాప్‌లో చాట్‌బాటే జవాబిస్తోంది. రాత్రిపూట ముగ్గురం ఉండేవాళ్ళం, ఒక్కరు చాలంటున్నారు.

మొన్న మేనేజర్ పిలిచి, "నువ్వే రాజీనామా రాసిచ్చెయ్, ఒక నెల జీతం ఇస్తాం, ఎక్స్‌పీరియన్స్ లెటర్ బాగా రాసిస్తాం, మేం తీసేశామని తెలిస్తే ఇంకెక్కడా తీసుకోరు" అన్నాడు. పేరుకు నేను అసిస్టెంట్ మేనేజర్‌ని, చేసేదంతా రిసెప్షన్ పనే. ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది. రాసిచ్చేయాలా? అసలు ఈ ఫీల్డ్‌లో ఇంకా ఉండటం దండగేనా?

లేబర్‌కేసుల_గుమస్తా:
తమ్ముడూ, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు, మిగతావన్నీ తర్వాత. మెషిన్ వచ్చి నీ పోస్టు అక్కర్లేదనుకుంటే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నదే, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ (ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్) ఉంది. ఏడాది సర్వీసున్నవాణ్ణి తీసేయాలంటే నెల ముందు కారణం రాసి నోటీసివ్వాలి, లేకపోతే ఆ నెల జీతం ఇవ్వాలి, దానిమీద పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం కట్టాలి. నీ ఆరేళ్ళకి 90 రోజుల జీతం. రాజీనామా నువ్వే రాసిస్తే ఆ 90 రోజులూ పోయినట్టే, అంత ప్రేమగా అడిగేది అందుకే.

గ్రాచ్యుటీ, అంటే చేసిన సర్వీసుకి పోయేటప్పుడు ఇచ్చే డబ్బు, అది వేరు. ఐదేళ్ళు నిండాయి కాబట్టి మానేసినా, తీసేసినా అది నీకు రావాల్సిందే. దాన్ని కూడా కలిపి చూపించి "ఇంత ఇస్తున్నాం కదా" అంటారు, ఆ మాటకు పడిపోకు. కొత్త కోడ్ ప్రకారం ఇంకో పని నేర్చుకోడానికని ఒక ఫండ్ నుంచి మరో 15 రోజుల జీతం నీ ఖాతాలో పడాలి. ఇంకోటి, ఒకే రకం పనిచేసేవాళ్ళలో మామూలుగా చివర చేరినవాణ్ణి ముందు తీయాలి, నీకంటే జూనియర్‌ని ఉంచి నిన్ను పంపితే కారణం రాసి చూపించాలి. అసిస్టెంట్ మేనేజర్ అనే పేరు చూసి భయపడకు, చూసేది చేసే పని. నువ్వే పదిమందికి డ్యూటీలు వేసి సెలవులు ఇస్తుంటే మాత్రం సంగతి వేరు. పే స్లిప్పులు, డ్యూటీ చార్టు ఫోటోలు ఈ రోజే దాచిపెట్టుకో.

చిన్నలాడ్జి_ఓనర్:
నన్ను తిట్టుకున్నా పర్లేదు, ఓనర్ల వైపు నుంచి కూడా ఒక మాట. బుకింగ్ యాప్‌ల కమిషన్, లీజు, కరెంటు బిల్లు పోయాక తగ్గించడానికి మిగిలేది జీతాలే. నేనూ పెట్టించాను ఆ మెషిన్. ఎండాకాలం సెలవుల్లో తమిళనాడు నుంచి ఒక పెద్ద ఫ్యామిలీ అర్ధరాత్రి దాటాక దిగింది, కొండ మీద మొక్కు తీర్చుకుని మగవాళ్ళందరూ గుండ్లతో ఉన్నారు, ఆధార్ ఫోటోతో మొహం కలవట్లేదని మెషిన్ ఒక్కణ్ణీ లోపలికి రానివ్వలేదు! పిల్లలు ఏడుపు, ముసలావిడ సోఫాలో పడుకుండిపోయింది, నేను ఇంటినుంచి లుంగీలోనే పరిగెత్తాను. తిరుపతిలో గుండు గుర్తుపట్టని మెషిన్ ఏం మెషినండీ అసలు. మళ్ళీ ఒక మనిషిని పెట్టుకున్నా. కానీ దాచడం దేనికి, ఒక్కణ్ణే, అదీ కాంట్రాక్టు మీద, ముందున్న జీతం కంటే తక్కువకే.

హోటల్‌మేనేజ్‌మెంట్_ఫైనలియర్:
జపాన్‌లో కూడా ఇలాగే అయింది. 2015లో నాగసాకి దగ్గర హెన్-నా అని రోబోల హోటల్ తెరిచారు. గదిలో పెట్టిన బొమ్మ గెస్ట్ గురక విని తననే ఏదో అడుగుతున్నారనుకుని నిద్ర లేపేదట. 2019కల్లా 243 రోబోల్లో సగానికి పైగా తీసేశారు. కాబట్టి భయపడకన్నా, మనుషులు లేకుండా హోటల్ నడవదు.

కాణిపాకం_క్యాబ్:
తమ్ముడూ, సగం రోబోలు తీసేశారు సరే, హోటల్ పద్ధతి మారిందా? ఆ కంపెనీ ఆ తర్వాత కూడా అదే పేరుతో హోటళ్ళు తెరుస్తూనే పోయింది. అన్నకి లేనిపోని ధైర్యం చెప్పకు.

నాది ట్రావెల్స్ కౌంటర్ ఉండేది. 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్ అయ్యాక మా దగ్గరికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు, 2020 మార్చిలో దర్శనాలు ఆపేసి మళ్ళీ జూన్‌లో మొదలుపెట్టేలోపు షట్టర్ దించేశా. 2023 మార్చి నుంచి కొండ మీద గదులకి ఫేస్ రికగ్నిషన్ కూడా పెట్టారు. దానివల్ల గదులు తీసుకుని అమ్ముకునే దళారులకి దెబ్బ తగిలితే నాకేం బాధ లేదు, భక్తుడికి మంచిదే. కానీ ప్రతిదాన్నీ ఆ లెక్కలో వేయలేం. నైట్ డ్యూటీలో జీతానికి కూర్చున్న పిల్లవాడు ఎవర్ని మోసం చేశాడు?

ఇప్పుడు కాళహస్తి, కాణిపాకం, తిరుచానూరు, వెల్లూరు గోల్డెన్ టెంపుల్ ట్రిప్పులు వేస్తున్నా. నీకు తమిళం, కన్నడం, హిందీ వచ్చుంటాయి కదా, గ్రూపులతో వచ్చేవాళ్ళకి అలాంటి మనిషి కావాలి. కాకపోతే సీజన్లో ఉన్నట్టు మిగతా నెలల్లో ఉండదు, అది కూడా లెక్క వేసుకుని దిగు.

దోశమాస్టర్:
వంట నేర్చుకోమని ఎవరో ఒకరు చెప్తారు. మన ఊళ్ళోనే కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది నిజమే, కానీ అది మూడేళ్ళ డిగ్రీ, ఇల్లు గడవాల్సిన మనిషికి కుదిరేది కాదు. పెనం దగ్గర నిలబడితే మోకాళ్ళు పోతాయి, అది కూడా చెప్పండి.

హోటల్‌మేనేజ్‌మెంట్_ఫైనలియర్:
అమెరికాలో లాస్‌వేగాస్ హోటల్ వర్కర్ల యూనియన్ 2023 ఒప్పందంలో టెక్నాలజీ వల్ల ఉద్యోగం పోతే సర్వీసు ఏడాదికి 2,000 డాలర్లు ఇవ్వాలని రాయించుకుంది, ముందస్తు నోటీసు కూడా ఉంది. మనవాళ్ళూ అలా అడగొచ్చు కదా.

దోశమాస్టర్:
ఇక్కడ యూనియన్ అన్నవాణ్ణి రేపట్నుంచి రావద్దంటారు బాబూ.

నైట్‌షిఫ్ట్_రిసెప్షన్:
అందరికీ థ్యాంక్స్. రాయనని చెప్పేశా, ఏదైనా కాగితం మీద ఇవ్వమన్నా. మేనేజర్ మొహం మాడ్చుకుని సోమవారం మాట్లాడదాం అన్నాడు. గుమస్తా గారూ, ఒకవేళ వాట్సాప్‌లో 'రేపట్నుంచి రావద్దు' అని పెడితే?

లేబర్‌కేసుల_గుమస్తా:
స్క్రీన్‌షాట్ తీసుకుని, మర్నాడు మామూలుగానే డ్యూటీకి వెళ్ళు. లోపలికి రానివ్వకపోతే గేటు దగ్గర ఫోటో తీసి, పనికి వచ్చానని, రానివ్వలేదని అదే రోజు మేనేజర్‌కి మెసేజ్ పెట్టు. లేకపోతే నువ్వే మానేశావని రాసుకుంటారు. ఏ కాగితం ఇచ్చినా 'అందుకున్నాను' అని తేదీ వేసి సంతకం పెట్టు, 'అంగీకరిస్తున్నాను' అనే మాట ఎక్కడున్నా పెట్టొద్దు. సోమవారం ఏమన్నారో ఇక్కడ చెప్పు, లేబర్ ఆఫీసుకి అర్జీ ఎలా రాయాలో అప్పుడు చూద్దాం.