డిష్‌లో న్యూరాన్లన్నీ ఒకేసారి ఎందుకు ఫైర్ అవుతున్నాయి?

స్పైక్‌రాజా:
ఎలుక పిండం కార్టెక్స్ సెల్స్ విడదీసి ఎంఈఏ (సెల్స్ సిగ్నల్స్ పట్టే ఎలక్ట్రోడ్ల పలక) మీద పెంచుతున్నాం, 60 ఎలక్ట్రోడ్లది. మొదటి వారం అక్కడొకటి ఇక్కడొకటి స్పైకులు (న్యూరాన్ ఫైర్ అయినప్పటి కరెంటు పల్సులు) వచ్చేవి, ఒకదానికీ ఇంకోదానికీ పొంతనే లేదు. రెండో వారంలో పడ్డాక ఉన్నట్టుండి దాదాపు అన్ని ఛానెళ్లూ కలిసి గుప్పుమంటున్నాయి, అర సెకను అలా కొట్టేసి మళ్ళీ చాలాసేపు చప్పుడుండదు. మేం స్టిమ్యులేషన్ ఏమీ ఇవ్వట్లేదు. ఇది కరెంటు నాయిసా? మా సీనియర్ ఒకాయనేమో ఇవి ఫిట్స్, కల్చర్ పాడైపోయింది పారేయ్ అంటున్నాడు. అసలు వీటన్నిటినీ నడిపించే లీడర్ సెల్ ఏమైనా ఉంటుందా?

మీడియా_మార్చావా:
పారేయకు బాబూ, అది బాగా పెరుగుతోందనడానికే గుర్తు. వీటిని నెట్‌వర్క్ బర్స్టులంటారు, కామియోకా, జింబో, రాబిన్సన్ వాళ్ళు 1996లోనే కార్టెక్స్ కల్చర్లలో కనెక్షన్లు ఏర్పడే టైంలో ఇవి ఎలా మారతాయో రాశారు. నాయిసో కాదో తేల్చుకోవాలంటే ఒక బర్స్ట్‌ని జూమ్ చేసి చూడు, బయటి నాయిస్ అయితే అన్ని ఛానెళ్లలో ఒకే క్షణాన, ఒకే ఆకారంలో పడుతుంది, నిజం బర్స్ట్ అయితే ఒక ఎలక్ట్రోడ్‌కీ ఇంకోదానికీ మిల్లీసెకన్లలో తేడా కనిపిస్తుంది. అప్పటికీ డౌట్ ఉంటే చివర్లో టీటీఎక్స్ (స్పైకులు పుట్టకుండా ఆపే విషం) వెయ్యి. సెల్ పొరలోని సోడియం ఛానెళ్లు మూసుకుపోతే స్పైకులుండవు, నాయిస్ మాత్రం ఎక్కడికీ పోదు.

గాబాగారు:
లీడర్ గురించి నేను చెప్తా. కొన్ని చోట్ల నుంచి బర్స్టులు ఎక్కువగా మొదలవుతాయన్నది నిజమే కానీ ఒక్క సెల్ తాళం వేస్తే మిగతావి నడిచే వ్యవహారం కాదిది. ఎక్కడో నాలుగైదు సెల్స్ కాకతాళీయంగా దగ్గర దగ్గర టైంలో ఫైర్ అవుతాయి, వాటి నుంచి వచ్చే గ్లుటమేట్ అనే రసాయనం పక్కవాటిని లేపుతుంది, అవి తిరిగి వీటినే లేపుతాయి, ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టే. అంటుకున్నాక ఆ రసాయనం నిల్వ ఉండే వెసికిల్స్ ఖాళీ అవుతాయి, పొటాషియం కరెంట్లు సెల్స్‌ని కిందికి లాగుతాయి, అందుకే ఆగిపోతుంది, గడ్డి మళ్ళీ మొలిచేదాకా సైలెంట్. మొదటి వారంలో లేనిది ఇప్పుడెందుకొచ్చిందంటే సినాప్సులు, అంటే సెల్స్ మధ్య కనెక్షన్లు, ఇప్పుడు తగినన్ని అయ్యాయి కాబట్టి. గ్లుటమేట్‌ని అడ్డుకునే సీఎన్‌క్యూఎక్స్ వేస్తే దాదాపు ఆగిపోతాయి, చూడొచ్చు.

ఇంకో సంగతి, చిన్న వయసు న్యూరాన్లలో క్లోరైడ్‌ని లోపలికి తెచ్చే ఎన్‌కేసీసీ1 అనే ప్రోటీన్ వల్ల లోపల క్లోరైడ్ ఎక్కువుంటుంది, అందుకని మామూలుగా అణచే రసాయనమైన గాబా కూడా వాటిని అణచదు, డీపోలరైజ్ చేస్తుంది, అంటే ఫైరింగ్ వైపు నెడుతుంది. తర్వాత క్లోరైడ్‌ని బయటికి పంపే కేసీసీ2 పెరిగి క్లోరైడ్ తగ్గాకే గాబా బ్రేక్ వేసే పని మొదలుపెడుతుంది. పెరిగిన కల్చర్‌లో గాబాని అడ్డుకునే బైక్యుకులిన్ వేస్తే బర్స్టులు ఇంకా గట్టిగా రావడానికి కారణం అదే, బ్రేక్ తీసేశావు కదా మరి.

స్పైక్‌రాజా:
థాంక్సండీ, జూమ్ చేసి చూశా, తేడా ఉంది, నాయిస్ కాదు. మరి మా సీనియర్ ఫిట్స్ అన్నది పూర్తిగా తప్పేనా?

పాతకల్చర్:
పూర్తిగా తప్పని నేననను. పెరిగే మెదడులో ఇలాంటివి మామూలే, 1991లో మైస్టర్, షాట్జ్ వాళ్ళు పుట్టిన కొత్తలో ఉన్న ఫెర్రెట్ల రెటీనాలో కళ్ళు తెరవకముందే అలలు అలలుగా ఫైరింగ్ చూశారు. కానీ అక్కడ అది ఒక దశ, వచ్చి పోతుంది. డిష్‌లో మాత్రం వారాలు గడిచినా పోదు, మీ సీనియర్ మాటలో కాస్త నిజం ఉన్నది అక్కడే, ఎందుకంటే దానికి కన్నూ చెవీ, వాటి కబురు కార్టెక్స్‌కి చేర్చే థాలమస్సూ ఏదీ లేదు, బయటి ఇన్‌పుట్ సున్నా. వాగెనార్, పాటర్ వాళ్ళు 2005లో చాలా ఎలక్ట్రోడ్ల నుంచి చిన్న చిన్న పల్సులు పంచి ఇస్తే బర్స్టులు అణిగిపోయాయి, అంటే ఇన్‌పుట్ లేకపోవడమే పెద్ద కారణం అన్నమాట. అలాగని రోజుల తరబడి టీటీఎక్స్‌లో ఉంచి సైలెంట్ చేద్దామనుకోకు, టురిజియానో గ్రూప్ 1998లో చూపించినట్టు రెండ్రోజులు ఆపితే సినాప్సులే బలం పెంచుకుంటాయి, టీటీఎక్స్ కడిగాక బర్స్టులు ఇంకా రెచ్చిపోవచ్చు.

నీ డేటాకి అసలు ప్రమాదం వేరే ఉంది. అదే వాగెనార్ 2006లో చాలా కల్చర్లు పోల్చి చూస్తే సెల్స్ ఎంత దట్టంగా వేశారన్నదాన్ని బట్టీ, ఏ బ్యాచ్‌దన్నదాన్ని బట్టీ బర్స్టుల తీరే మారిపోయింది. కాబట్టి కంట్రోల్ ఒక బ్యాచ్‌లోంచి, మందు వేసింది ఇంకో బ్యాచ్‌లోంచి తీసి గ్రాఫ్ గీస్తే దానికి అర్థముండదు, రెండూ ఒకే రోజు వేసినవాటిలోంచే తీసుకో, రికార్డింగ్ కూడా డిష్ కదిలించిన వెంటనే కాకుండా కాస్త కుదురుకున్నాక మొదలుపెట్టు.